రెండు బడుల వంతు

పులికాటు సరస్సు ఒడ్డున మా పాళెం. అక్కడ నీళ్ళు ముందు తెల్లవారేవి, ఇళ్ళు తర్వాత. అయ్యవారి బడి సరిగ్గా ఆ నీళ్ళకు ఎదురుగా ఉండేది. తాటాకు పంచ, కింద ఇసుక. పొద్దెక్కేసరికి సరస్సు మీది వెలుగు లోపలికి వచ్చి కప్పు మీద అలలు అలలుగా ఆడేది. ఇసుకలో అక్షరాలు దిద్దుతూ నేను పైకే చూస్తూ ఉండిపోయేదాన్ని. అయ్యవారు నా వేలు పట్టుకుని మళ్ళీ ఇసుకలోకి దించేవారు. ఒక్క దెబ్బ వేసి ఎరగరు. అంతమాత్రాన నేను బుద్ధిమంతురాలినని అనుకోకండి, ఉత్త మొండిఘటాన్ని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు పంచాయతీ సమితి వాళ్ళు పాళెం చివర పెంకుల బడి కట్టారు. ఒక టీచరమ్మ వచ్చింది. తంటా అప్పుడు మొదలైంది. పిల్లలు తగ్గితే అయ్యవారికి సర్కారు గ్రాంటు ఆగిపోతుంది. ఆ గ్రాంటే ఆయన ఇంటి బువ్వ. పిల్లలు రాకపోతే కొత్త బడిని ఇంకో పల్లెకు ఎత్తుకుపోతారు. ఇద్దరూ పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి మా అమ్మల్ని బతిమాలుకునేవాళ్ళు.

చివరికి తగువు మా పల్లె పెద్ద దగ్గరికి వచ్చింది. సరస్సులో వల వేయడానికి మాకు వంతులుంటాయి. ఒక అమావాస్య దాకా చేపలు బాగా పడే మడుగు సగం ఇళ్ళది, ఆ తర్వాత మిగతా సగానిది. ఎవరి పొయ్యీ ఆరకూడదని ఆ ఏర్పాటు. పెద్దకు తెలిసిన న్యాయం అదొక్కటే.

"బడికి మాత్రం వంతు ఉండకూడదా? సగం ఇళ్ళ బిడ్డలు ఈడ, సగం ఇళ్ళ బిడ్డలు ఆడ. అమావాస్యకు మారండి, అంతే" అని తేల్చేసినాడు.

మా అందరి పేర్లూ రెండు బడుల హాజరు పట్టీల్లోకీ ఎక్కాయి. నాకైతే పండగే. ఒక నెల ఇసుక, ఒక నెల గోడ మీద నీలిరంగు సముద్రమున్న పటం. అయ్యవారు పాత లెక్కలో అణాలు, వీశెలు చెప్పేవారు. టీచరమ్మ కొత్త లెక్కలో నయాపైసలు, కిలోలు చెప్పేది. నిద్రలో రెండు బడులూ కలిసిపోయేవి. పటంలోని సముద్రం మెల్లగా వచ్చి అయ్యవారి ఇసుకను తడిపేది, నా అక్షరాలు తేలిపోతుంటే నేను వాటి వెంట నడిచేదాన్ని.

అట్లా ఐదో తరగతికి వచ్చాను. అది పాసైతే నాయుడుపేటలో మేనత్త ఇంట ఉండి హైస్కూలుకు పోవచ్చు. మా పాళెంలో ఐదో తరగతిదాకా వచ్చింది నేనొక్కదాన్నే. ఆ ఊరి పేరు ఇసుకలో రాసి, ఎవరూ చూడకముందే చెరిపేసేదాన్ని.

పరీక్షకు ముందు ఇన్‌స్పెక్టరుగారు వచ్చి రెండు బడుల వాళ్ళనీ, పల్లెనీ పిలిపించారు. రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి చూసి తల పట్టుకున్నారు. ఏ బడిలోనూ నా హాజరు సగానికి మించి లేదు. ఇట్లాగైతే పరీక్షకు కూర్చోనివ్వనన్నారు. మా నాయన చేతులు జోడించాడు. ఇన్‌స్పెక్టరుగారు మంచివారే కాబోలు, ఒక దారి చెప్పారు. హాజరంతా ఒక బడి కింద రాస్తారు, రెండో బడిలో పేరు కొట్టేస్తారు. ఒక్క నాదే కాదు, పిల్లలందరిదీ.

"ఏ బడో మీరే చెప్పండి" అన్నారు.

పెద్ద తల వంచుకున్నాడు. మా నాయనే అన్నాడు: "చదివేది ఆ బిడ్డ సామీ. దాన్నే అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. పరీక్షలో నయాపైసలే అడుగుతారని నాకు తెలుసు. అయ్యవారి ముఖం చూడకుండా పెంకుల బడి వైపు చెయ్యి చూపించాను.

"సరిగ్గా చెప్పింది. నా దగ్గర దిద్దుకున్న బిడ్డ గదా" అన్నారు అయ్యవారు.

తర్వాత వచ్చిన అమావాస్య మరునాడు పొద్దున, వంతు మారే అలవాటుకొద్దీ నా కాళ్ళు సరస్సు వైపే నడిచాయి. పంచ దాకా పోయాక గానీ గుర్తు రాలేదు. కప్పు మీద వెలుగు అట్లాగే ఆడుతోంది. కింద ఎవరూ లేరు. అయ్యవారొక్కరే గొంతుక్కూర్చుని అరచేత్తో ఇసుక చదును చేస్తున్నారు, ఒక్కరు కూర్చుని రాసుకునేంత మేర.

నన్ను చూసి చెయ్యి ఆపారు.

"ఈ నెల నీ వంతు ఈడ కాదమ్మీ" అన్నారు.

"మళ్ళా ఎప్పుడయ్యోరా?" అన్నాను. అడగకూడనిది అడిగానని అప్పటికే తెలిసిపోయి ఏడుపొచ్చింది.

ఆయన లేచి, చేతికంటిన ఇసుక పంచెకు తుడుచుకుని నా పలక అందుకున్నారు. పాళెం పొడవునా నన్ను నడిపించుకుంటూ వచ్చి, పెంకుల బడి గడప ముందు పలక నా చేతికిచ్చి, తాను బయటే నిలబడిపోయారు.