చచ్చినా విడవని కాపురం

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద, బస్సులు ఆగే చోటికి కొంచెం ఇవతల మారెమ్మ చాయ్ బండి ఉంది. చాయ్ అమ్మే ఆ మనిషి చాయ్ తాగదు. ఎందుకని అడిగితే "నాకు పడదు" అంటుంది. అది శుద్ధ అబద్ధం. ఒకప్పుడు పొద్దున్నే చాయ్ గొంతులో పడకపోతే ఆమెకు తల పగిలిపోయేది. మానేసింది మార్మన్లనే క్రైస్తవుల సంఘంలో కలిసినప్పటి నుంచి. ఆకు మరిగిందో లేదో రంగు చూసి చెబుతుంది. చక్కెర సంగతి మాత్రం గిరాకీలను అడగాల్సిందే. వాళ్ళు మొహమాటపడి బాగుందంటే ఆ రోజు అందరికీ చప్పటి చాయే.

ఇది నవ్వుకునే ముచ్చట. నవ్వలేనిది దీపాలు పెట్టే వేళకు మొదలవుతుంది.

బండి కట్టేసి, ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని లైటు వేసే సరికి సందులో చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. కుడికాలు మామూలుగా పడుతుంది, ఎడమకాలు మట్టిలో ఈడ్చుకుంటూ వస్తుంది. ఆ నడక ఊళ్ళో ఒక్కడిదే. ఆమె మొగుడు వీరస్వామిది. తలుపు దాకా వచ్చి ఆగుతుంది. బీడీ వాసన వస్తుంది. వీధికుక్క మొరుగుతూ మొరుగుతూ ఒక్కసారిగా నోరు మూసుకుంటుంది. కొంతసేపటికి ఆ చప్పుడు కల్లు అమ్మే కంపౌండు దిక్కు పోతుంది. వీరస్వామి చనిపోయి అప్పటికి ఐదేళ్ళు.

అతను కంకర మిషన్ దగ్గర పనిచేసేవాడు. కాలు విరిగాక తాగడం మొదలుపెట్టాడా, తాగి కాలు విరగ్గొట్టుకున్నాడా అన్నది ఊళ్ళో ఇప్పటికీ తెగని పంచాయితీ. తాగి కొట్టేవాడన్న దాంట్లో మాత్రం ఎవరికీ అనుమానం లేదు. చిత్రమేమిటంటే కూతురు మనోజ మీద ఎన్నడూ చెయ్యి ఎత్తలేదు. ఎంత తాగినా దానికోసం జేబులో ఉప్పు బిస్కట్లు ఉండేవి. ఆ పిల్ల కూడా సందు మలుపులో ఈడ్చే కాలు వినపడగానే బాపూ అంటూ ఉరికేది. తల్లి వంటింట్లో బిగుసుకుపోయేది, పిల్ల వాకిట్లో ఎగిరేది. ఒకే చప్పుడు ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు రకాలుగా వినిపించేది.

ఆరేళ్ళ వయసులో మనోజకు జ్వరం వచ్చింది. పట్నం దవాఖానకు తీసుకుపోదామని మారెమ్మ చీర మార్చుకుంది. పిల్ల ముడుచుకుపోయి, "బాపు వచ్చినంక పోదమమ్మా" అంది. సరేనని ఆగింది. బాపు కల్లు కంపౌండు నుంచి వచ్చేసరికి చీకటి పడింది, వచ్చినవాడు నిలబడే స్థితిలో లేడు. ఆటో దొరికి, పట్నం చేరి, రక్తం ఎక్కించే లోపే అయిపోయింది. ఆ తర్వాత వీరస్వామి మూడేళ్ళు బతికాడు. బతికాడు అనడమే గానీ రోజూ కొంచెం కొంచెం చచ్చాడు. చివరికి కడుపు ఉబ్బి పోయాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు, శవం లేవకముందే అందరూ అతన్ని మంచోడన్నారు. ఆ మాట మారెమ్మ అనలేదు. ఏడవలేదు కూడా.

ఆమెకు ఒకటే కోరిక. పిల్ల ఒక్కసారి కలలోకి రావాలి. రాలేదు. రమ్మన్న పిల్ల రాదు, వద్దనుకున్నవాడు పొద్దు తప్పకుండా వస్తాడు. ఇంతకంటే అన్యాయం ఇంకేముంటుంది.

మరిది లింగం చెప్పిన ఉపాయం పెత్రమాస. ఆ అమావాస్యనాడు పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చి, పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పెడితే నెమ్మదిస్తారని. మారెమ్మ బియ్యం ఇచ్చింది, కోడికూర వండింది, లింగం మాట కాదనలేక కల్లు కూడా పెట్టింది. చప్పుడు ఆగకపోగా మర్నాడు ఇంకా తొందరగా వచ్చింది. కల్లు పెట్టి తాగుబోతును పొమ్మంటే పోతాడా.

పక్క బజారు ప్రార్థన మందిరంలో ఒక పాస్టరుకు చెప్పుకుంది. చనిపోయినవాళ్ళు రారమ్మా, వచ్చేది సైతాను అన్నాడాయన. మారెమ్మ "సైతాను అయితే ఎడమకాలు ఎందుకు ఈడుస్తడు సారూ?" అని అడిగింది. ఆయన ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే రూత్ పరిచయమైంది. బొంగులూరు దగ్గర చిన్న ఆసుపత్రిలో నర్సు. రోజూ బండి దగ్గర ఆగి వట్టి పాలు అడిగేది.

"చాయ్ తాగవా బిడ్డా?"

"మా సంఘంల తాగమక్క. కాఫీ, మందు, బీడీ ఏదీ ముట్టం."

"మొగోళ్ళు గూడనా?"

"మొగోళ్ళు గూడ."

మారెమ్మకు అది నమ్మబుద్ధి కాలేదు. తాగని మొగవాళ్ళు గుంపుగా ఒకచోట ఎట్లుంటారో చూద్దామని, కేవలం అందుకని, ఒక ఆదివారం రూత్ వెంట బస్సెక్కి పట్నం పోయింది. సంఘం అసలు పేరు యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘమట. అంత పేరు పలికే లోపు బస్సు ఒక స్టేజీ దాటుతుంది. మార్మన్లు అన్నది బయటివాళ్ళు పెట్టిన పేరు. అక్కడ జీతం తీసుకునే పాస్టరు లేడు. శాఖకు పెద్ద రాజశేఖర్ అనే ఆయన, వారమంతా బడిలో లెక్కలు చెప్పుకుని ఆదివారం ఇక్కడ కూర్చుంటాడు. రొట్టె ముక్కలతో పాటు ద్రాక్షరసానికి బదులు మంచినీళ్ళు పంచారు. మొగవాళ్ళ పక్కగా పోతూ మారెమ్మ గట్టిగా ఊపిరి పీల్చి చూసింది. సబ్బు వాసన తప్ప మరొకటి లేదు.

తర్వాత రూత్ ఇంట్లో పాఠాలు. చెప్పేవాళ్ళు తెల్లచొక్కా వేసుకుని టై కట్టుకున్న ఇద్దరు పిల్లలు. వాళ్ళను ఎల్డర్ అనాలట. అంటే పెద్దమనిషి అని. మీసాలు కూడా సరిగ్గా మొలవని పెద్దమనుషులు. ఒకడికి తెలుగు రాదు, నవ్వడం వచ్చు. మాట్లాడేది రత్నాకర్, కాకినాడ వాడు, ప్రతి మాటకూ చివర అండి తగిలిస్తాడు. పుట్టకముందే మనం దేవుడి దగ్గర ఆత్మలుగా ఉన్నామని చెప్పాడు. పరదేశంలో ఒక పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఏ సంఘం నిజమని అడవిలో మోకరిస్తే దేవుడే కనపడ్డాడని, ఆ పిల్లవాడే ప్రవక్త అయ్యాడని చెప్పాడు. చదువుకొమ్మని ఒక నీలి అట్ట పుస్తకం ఇచ్చి, "మేం చెప్పామని నమ్మొద్దండి, మీరే ప్రార్థన చేసి దేవుణ్ణి అడగండి" అన్నాడు. మారెమ్మ అన్నింటికీ తలూపింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఆమెకు తెలుసు. ఆమె అడగాల్సింది ఒక్కటే.

"చిన్నపిల్లలు సచ్చిపోతే యాడికి పోతరు? బాప్తిస్మం గిట్ల లేకుండ?"

"ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి పాపం ఉండదండి. బాప్తిస్మమే అక్కర్లేదు. మీ పాప దేవుడి దగ్గర భద్రంగా ఉందమ్మా. మా సంఘం దేవాలయంలో మీ బంధాన్ని ముడి వేస్తే ఎప్పటికీ మీ పాపే."

మారెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పిల్ల దినాల నాడు కూడా రాని ఏడుపు అది. పిల్ల ఎక్కడుందో చెప్పినవాడు ఇన్నేళ్ళలో ఈ కాకినాడ కుర్రవాడు ఒక్కడే.

చాయ్ మానేసింది. నెలకో ఆదివారం ఉపవాసం మొదలుపెట్టింది. బాప్తిస్మానికి ముందు ఒకాయన ఒంటరిగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగాడు. దేవుణ్ణి నమ్ముతావా, చేసిన తప్పులకు పశ్చాత్తాపపడ్డావా, ఈ నియమాలు పాటిస్తావా అని. తర్వాత తెల్లబట్టలు కట్టించి నీళ్ళ తొట్టిలోకి దించారు. నిలువెల్లా మునగాలి. ఒక్క వెంట్రుక బయట ఉన్నా లెక్కకు రాదట, చూడడానికి ఇద్దరు సాక్షులు నిలబడతారు. మొదటిసారి జడ తేలింది, మళ్ళీ ముంచారు. ఆ తర్వాత తలమీద చేతులుంచి పరిశుద్ధాత్మ వరం ఇచ్చారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని లింగం దెప్పాడు. ఆమె పట్టించుకోలేదు.

చెప్పుల చప్పుడు మాత్రం ఆగలేదు. మునిగొచ్చిన సాయంత్రం కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

కొన్నాళ్ళకు దేవాలయం గురించి రాజశేఖర్ విడిగా పాఠం చెప్పాడు. అది ఆదివారం పోయే సంఘం వంటిది కాదు, వేరే, దూరాన ఉంటుంది. అక్కడ చనిపోయినవాళ్ళ పేరు మీద బతికున్నవాళ్ళు నీళ్ళలో మునుగుతారు, అలా పోయినవాళ్ళకూ దేవుడి దగ్గరికి దారి దొరుకుతుంది. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం పోయినవాళ్ళ ఇష్టం. అక్కడే భార్యాభర్తలకు శాశ్వతంగా ముడి వేస్తారు. పిల్లలను ఆ ఇద్దరికీ కలిపి ముడి వేస్తారు.

"ఇద్దరికా?" అంది మారెమ్మ.

"అవునమ్మా, తల్లికీ తండ్రికీ. కుటుంబం అంటే అదే గద."

రూత్ సంతోషంతో ఆమె చెయ్యి పట్టుకుంది. మారెమ్మకు అర్థమైంది ఏమిటంటే, పిల్ల కావాలంటే మొగుణ్ణి కూడా కట్టుకోవాలి. ఈసారి చావు కూడా విడిపించదు. ఈ జన్మకు ఒకసారి తాళి కట్టించుకుంటేనే ఇంత అయింది, మళ్ళీ అదే మనిషితో అంతం లేని కాపురమా. పెనం మీది నుంచి పొయ్యిలో పడ్డట్టయింది.

ఆ వారం ఆమెకు నిద్ర లేదు. తలుపు అవతల చెప్పులు ఇదివరకటి కంటే ఎక్కువసేపు నిలబడుతున్నట్టు అనిపించింది. విషయం అతనికి తెలిసిపోయిందని, అందుకే ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడని భయపడింది.

తర్వాతి ఆదివారం, మొగుణ్ణి ముంచితేనన్నా నెమ్మదిస్తాడేమోనని, ఆమె ఫ్రేము కట్టిన ఫోటో ఒకటి తువ్వాలలో చుట్టుకుని సంఘానికి తెచ్చింది. రాజశేఖర్ ముందు విప్పింది.

"గీ ఫోటోనే ముంచుతరు గద సారూ? పిల్ల గూడ ఉంది ఇండ్ల. దాని దిక్కు నీళ్ళు తగలనియ్యకుండ్రి. దానికి అక్కర్లేదని మీరే చెప్పిండ్రు."

ఫోటోలు ముంచరని, ఆ పేరు పలికి ఒక మొగమనిషి మునుగుతాడని రాజశేఖర్ నవ్వకుండా చెప్పాడు. ఆయన మంచితనం అది, వేరొకరైతే నవ్వేవారే. తర్వాత ఫోటో వంక చూశాడు. జాతరలో తీసిందది. వీరస్వామి చంకలో మనోజ. మనోజ ఉన్న ఫోటో లోకం మొత్తంలో అదొక్కటే. మొగుడి సగం కత్తిరించి పారేద్దామని మారెమ్మ చాలాసార్లు కత్తెర పట్టింది. కానీ పిల్ల ఐదు వేళ్ళూ తండ్రి కాలరు పట్టుకుని ఉన్నాయి. ఎటు కోసినా ఆ వేళ్ళు తెగుతాయి.

"నాకొక్కదానికి కట్టరా సారూ పిల్లను?"

"అట్ల లేదమ్మా. కానీ ఎవరినీ బలవంతంగా ముడి వెయ్యరు. నీకు ఇష్టం లేకపోతే ఆగు. దేవుడు అన్యాయం చెయ్యడు."

"ఆగితే పిల్ల?"

"ఆయన చేతుల్ల ఉంటది. అంతకు మించి నాకు తెల్వదమ్మా."

తెలియదని ఒప్పుకున్నందుకు మారెమ్మకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఫోటోలో పిల్ల వేళ్ళను కొంగుతో తుడిచింది. పిల్ల అతన్ని ప్రేమించింది. ఆ నిజం ఆమెకు ఇన్నేళ్ళూ దెబ్బలకంటే ఎక్కువ నొప్పి పెట్టింది. అతనికి దారి మూసేస్తే బాపూ అని పిలిచిన నోటితోనే పిల్ల అడగదా, మా బాపును ఎందుకు రానియ్యలేదని? చివరికి తలెత్తింది.

"అయితే ఆయన పేరు మీద ముంచుండ్రి సారూ. మొగోనికి జడ ఉండదు, ఒక్క తాపకే మునుగుతడు. నాకు మాత్రం కట్టకుండ్రి."

కొన్ని నెలలకు శాఖవాళ్ళు కొందరు దేవాలయం ఉన్న దేశానికి ప్రయాణమయ్యారు. అందులో రూత్ భర్త వినోద్ కుమార్ ఉన్నాడు. వీరస్వామి పేరు మీద అతనే మునిగాడు. ఆ సంగతి రూత్ ఫోన్ చేసి చెప్పినప్పుడు మారెమ్మ బండి దగ్గర ఉంది. సరే బిడ్డా అని పెట్టేసి, బండి తొందరగా కట్టేసింది.

ఇంటికొచ్చి లైటు వేసి, వాకిట్లోకి చెవి ఒగ్గి కూర్చుంది. ఇక రాడేమో అనుకుంది. కుడికాలు మామూలుగా, ఎడమకాలు ఈడుస్తూ, చప్పుడు సందు మలుపు తిరిగింది. కుక్క నోరు మూసుకుంది. తలుపు దగ్గర ఆగింది. బీడీ వాసన మాత్రం రాలేదు. లేదా భయంలో ఆమెకు తెలియలేదు.

మారెమ్మ లేచి, బతికున్నప్పుడు గానీ పోయాక గానీ ఎన్నడూ చెయ్యని పని చేసింది. తలుపు దగ్గరికి తనే పోయి, తియ్యకుండా, చెక్కకు నోరు దగ్గరపెట్టి మాట్లాడింది.

"నీ పేరు మీద మునిగిండ్రు. ఒప్పుకుంటవో లేదో నీ ఇష్టమంట. నా ఇంటి ముందట ఎందుకు నిలబడ్డవ్? పిల్ల ఈడ లేదు, ఆడ ఉంది. పో. తాగి మాత్రం పోకు, నీ కోసం మల్ల దాన్ని కూసోబెట్టకు. నేను ఎప్పటికైనా వస్త. వచ్చినంక నిన్ను అడగ, దేవుణ్ణి అడగ. మీ బాపు మంచిగ చూసుకున్నడా అని దాన్ని అడుగుత. అది అవ్ అంటేనే కట్టుడు."

అవతల చెప్పులు కదిలాయి, ఎప్పుడూ పోయే కల్లు కంపౌండు దిక్కు కాకుండా రెండో దిక్కు పోయాయి. అవి ఎటు పోతున్నాయో, ఎవరి దగ్గరికి పోతున్నాయో మారెమ్మకు తెలుసు. తనకంటే ముందు అతను ఆ పిల్లను చూస్తాడు. ఆ రాత్రి ఆమె మొట్టమొదటిసారి మొగుడి మీద అసూయతో ఏడ్చింది.