చివరి మొక్క దగ్గర సన్యాసిరావు గారు

పైపు ముక్కను మంట మీద తిప్పితే వచ్చే ప్లాస్టిక్ వాసన మా ఇంట్లో అందరికీ తలనొప్పి. నాకు మాత్రం సన్యాసిరావు గారు పక్కన నిలబడినట్టే ఉంటుంది. అచ్యుతాపురం ఫ్యాక్టరీలో నాకు పైపుల పని నేర్పిన ఫోర్‌మన్ ఆయన. నాలుగు తిట్లు తిని నేర్చుకున్న పని కాబట్టి ఇంకా చేతిలో ఉంది.

ఎలమంచిలి దగ్గర మాకు అరెకరం మెట్ట ఉంది. ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. బావిలో రోజుకు రెండు డ్రమ్ముల నీళ్లకు మించి ఊరడం లేదు. వంగ మొక్కలకు బిందెలతో మోసి మోసి అమ్మ, "ఈ పంట కూడా పోతే సరుగుడు ఏసీడమేరా. నాను ఇంక మొయ్యలేను," అంది. కలప కోసం పెంచే ఆ సరుగుడు చెట్లు వేస్తే ఇక ఆ నేలలో కూర పండించుకునేది ఉండదు. అమ్మకు ఆ కూరతోటే లోకం. నాకు రోషం వచ్చింది. పాత పైపులు కొని, డ్రమ్మును ఎత్తున పెట్టి, చేను ఒక అంచున పెద్ద పైపు వేసి, దాన్నుంచి ప్రతి మొక్క దగ్గరా బొట్టు బొట్టుగా నీరు పడేలా సాళ్లన్నిటికీ సన్న పైపులు పరిచేశాను. వారం తిరక్కముందే అవతలి చివరి మొక్కలు వాడిపోయాయి.

ఏం చెయ్యాలో తోచక ఆయనకు చెబితే, తన సెలవు రోజున బస్సెక్కి వచ్చారు. "ఒక్క జాయింటు కూడా లీకు లేదు గురువుగారూ," అన్నాను గొప్పగా.

"జాయింటుకి వంకాయలు కాస్తాయేటిరా?" అన్నారు.

డ్రమ్ము వైపు చూడనైనా చూడలేదు. నేరుగా చివరి మొక్క దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చుని, పైపు కింద టీ గ్లాసు పెట్టారు. నన్ను మొదటి మొక్క దగ్గర ఇంకో గ్లాసు పెట్టమన్నారు. నాది నిండి పొర్లింది. ఆయన గ్లాసు అడుగు కూడా తడవలేదు. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

"ఫ్యాక్టరీలో అయితే మోటారు తోస్తాది. ఇక్కడ తోసీవోడు ఎవుడున్నాడు? పెద్ద పైపుని సేను మజ్జకి తే. నీళ్లకి సగం నడక తగ్గుతాది," అన్నారు.

సాయంత్రం దాకా ఇద్దరం మట్టిలో పడి పైపు మార్చి, దానికి రెండు వైపులా సాళ్లు కలిపాం. మళ్లీ పెట్టి చూస్తే రెండు గ్లాసులూ ఇంచుమించు ఒక్కలాగే నిండాయి. ఎవరినీ పొగడని మనిషి, "పరవాలేదురా, పైపులోడివే," అన్నారు. నా పెళ్లినాడు కూడా నేను అంత పొంగిపోలేదు.

పంట నిలబడింది. సరుగుడు మాట అమ్మ మళ్లీ ఎత్తలేదు. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఆదివారం వస్తే చుట్టుపక్కల రైతులు నన్ను పిలుస్తారు. వాళ్లు డ్రమ్ము చూపించబోతుంటే నేను ఆగకుండా చేను చివరికి నడుస్తాను. మొన్న అమ్మ కూడా నా వెంట వచ్చింది. ఆ చేను రైతు అది చూసి, "మీవోడు ఏటి సదివాడమ్మా?" అని అమ్మను అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది, "సన్యాసిరావు గారి కాడ సదివాడు."