చెప్పులు విప్పి పట్టుకో

మా పదకొండో వీధిలో బీ మాయాసా నోటికి జడవని మగాడు లేడు, నాతో కలిపి. అరవై దాటిన మనిషి. ఇరవై రెండేళ్ళు కిత్తనార ఫ్యాక్టరీలో నార దువ్వింది. ఫ్యాక్టరీ మూసేసిన రోజున మా టాంగా ఊళ్ళో సగం మంది ఏడుస్తూ ఇళ్ళకు పోయారు. ఈవిడ మాత్రం ఆఫీసు గదిలోకి వెళ్ళి, మేనేజరు కూర్చునే కుర్చీని నెత్తిన పెట్టుకుని బయటికొచ్చింది. అడ్డుపడ్డ కాపలావాడితో, "అందులో కూర్చునేవాడే పారిపోయాడు, ఇక కుర్చీకి కాపలా ఏంటి నీ మొహం?" అందట. ఆ కుర్చీ ఇప్పటికీ వాళ్ళ అరుగు మీదే ఉంది. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వదు.

భర్త సరుకు పడవ మీద పెంబా దీవికి వెళ్ళి సముద్రంలోనే ఉండిపోయాడు. పిల్లలు లేరు. చింతపండు రసం, ఉబుయు కాయల రసం చిన్న చిన్న సంచుల్లో పోసి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి అమ్ముకుంటుంది. బడి వదలగానే ఆడపిల్లలు గుంపుగా వస్తారు. గుమ్మం బయట చెప్పులు విప్పి, లోపలికి వెళ్ళి, ఫ్రిజ్ తలుపు తామే తెరుచుకుని, కావలసింది తీసుకుని, నాణెం గిన్నెలో వేసి పోతారు. ఎవరైనా చెప్పులతో లోపల కాలు పెడితే మాత్రం వాళ్ళ ఏడు తరాలనూ దులిపేస్తుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నేల కడుగుతుంది. ఆ సిమెంటు నేల ఎప్పుడు చూసినా తడిగానే ఉంటుంది.

నా పేరు షెకువే. కరెంటు పని చేస్తాను. అదే ఫ్యాక్టరీలో మోటార్లు బాగుచేసేవాణ్ణి. పాత ఫ్రిజ్ మూలపడి కొత్తది కొనాలనుకున్నప్పుడు ఆవిడ నన్ను వెంట తీసుకెళ్ళింది. మార్కెట్ పక్కన నస్సోరో షాపు. అక్కడ పద్ధతేమిటో ఊరందరికీ తెలుసు: డబ్బు కట్టగానే మన కళ్ళముందే ప్లగ్గు పెడతారు, లోపల దీపం వెలుగుతుంది, చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. అప్పుడు రసీదు మీద "చూసుకుని తీసుకున్నాను" అని సంతకం చేయిస్తారు. సంతకం పడ్డాక అది మన చావు, వాడికి సంబంధం లేదు. నేను రబ్బరు చెప్పులు వేసుకుని, పలకలు పరిచిన ఆ పొడి నేల మీద నిలబడి, ఫ్రిజ్‌ని పైనుంచి కింది దాకా నిమిరి, "భేషుగ్గా ఉందక్కా, తీసుకో" అన్నాను. నలభై ఏళ్ళ అనుభవం మరి! ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కొన్న నాలుగోరోజు, రసం సంచులన్నీ నింపి ప్లగ్గు పెట్టిన మొదటి మధ్యాహ్నమే, నస్రా అనే పిల్ల ఫ్రిజ్ పిడి పట్టుకుని వదల్లేకపోయింది. మాయాసా చీపురు కర్రతో ఆ చేతి మీద కొట్టి విడిపించింది. పిల్ల బతికింది, అరచెయ్యి మాత్రం కమిలిపోయింది. నాకు కబురొచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికెళ్ళి పిడి ముట్టుకున్నాను. మోచేతి దాకా జివ్వుమంది. ఫ్రిజ్ ఒంటి మీద ఎక్కడ పెట్టినా టెస్టర్ దీపం వెలుగుతోంది. ప్లగ్గు పీకి, వెనక రేకు విప్పి చూశాను. మోటారుకి వెళ్ళే వైరు మీదుగా మరమేకు బిగించేశారు. మర తొడుగును చీల్చుకుని లోపలి రాగికి తగులుతోంది. బిగించినవాడికి కళ్ళున్నాయో లేవో గాని చేతి బలం మాత్రం బాగా ఉంది.

"టేపు చుట్టేస్తానక్కా, పది నిమిషాల పని" అన్నాను.

"నాది నువ్వు చుడతావు. ఆ వెధవ అమ్మిన మిగతావాటికి ఎవడు చుడతాడు?" అంది.

"అవి మనకెందుకే?"

"ఆ చేతి మీద కొట్టింది నేను, షెకువే. పిల్ల కళ్ళు తేలేసింది. మనకెందుకంటావా? సిగ్గులేదూ నీకు?"

నాకు సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. తప్పు నాదని ఆవిడ ఒక్క ముక్క అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ ఫ్రిజ్ తిరిగి ఎవరి వంటింట్లోకీ పోకూడదు, షాపులో మిగిలినవి అక్కడినుంచి కదలకూడదు. ఆవిడ పట్టుదల అంతే, అందులో వేరే ఏమీ లేదు. మర్నాడే నస్సోరో దగ్గరికెళ్ళింది. వాడు సెల్‌ఫోను చూసుకుంటూనే రసీదు అడిగి, సంతకం మీద గోరు పెట్టి, "చూసుకునే తీసుకున్నావు కదమ్మా" అన్నాడు. వైరు సంగతి చెబితే, "మీ ఇంట్లో ఎర్తు లేదు. అది మీ ఇంటి జబ్బు" అని తేల్చేశాడు. మా వీధిలో ఎవరింట్లో ఎర్తుందని? వాడికీ తెలుసు. ఆ మాటొక్కటి పట్టుకుని వాడు చాలామందిని గుమ్మం దాటించాడు.

అక్కడినుంచి వినియోగదారుల ఆఫీసుకి. కాళ్ళరిగేలా తిరిగింది. ఒకరోజు ఫారం లేదన్నారు, ఇంకోరోజు ఫారం ఉంది, సారు లేరన్నారు. మూడోరోజు లోపాన్ని ఫోటో తీసి తెమ్మన్నారు.

"కరెంటుకి ఫోటో ఎట్లా తీయాలి నాయనా? నవ్వమని చెప్పనా దానికి?" అని అడిగొచ్చిందట.

ఆ నోటికే భయపడ్డారో ఏమో, చివరికి కిమ్వేరి అనే అధికారి స్వయంగా దయచేశాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా మెరిసే షూ, చంకలో ఫైలు. గుమ్మం దగ్గర ఆగాడు.

"బూట్లు విప్పి రా నాయనా, నేల కడిగాను" అంది మాయాసా.

అయ్యగారు తన లేసుల వంక చూసుకున్నాడు. రెండు ముడులు వేసి ఉన్నాయి. వంగితే చొక్కా నలుగుతుంది. "ఇక్కణ్ణించి కనపడుతోందిలే అమ్మా" అన్నాడు. గుమ్మంలోనే నిలబడి, నాలుగడుగుల దూరంలో ఉన్న ఫ్రిజ్‌ని మెడ సాచి చూసి, ఫైలు తెరిచి, "పరిశీలించడమైనది. లోపమేమీ కనపడలేదు" అని రాసేశాడు. కింద సంతకం పెట్టడానికి చోటు కావాల్సొచ్చి అరుగు మీది కుర్చీలో కూర్చోబోయాడు.

"ఆగు!" అంది మాయాసా. "అందులో నీలాంటివాడే కూర్చునేవాడు. వాడికీ ఏ లోపమూ కనపడేది కాదు."

పక్కనున్న నేను చెబుదామని నోరు తెరిచేలోపు అయ్యగారు సైకిలెక్కేశాడు. ప్రభుత్వం జీతమిచ్చి పెంచుతోంది ఇలాంటి రత్నాలను!

ఇదంతా అయ్యేసరికి మూడు వారాలు. ఐసు వ్యాపారం లేదు, పిల్లలు వచ్చి మొహాలు వేలాడేసుకుని పోతున్నారు. వీధిలో అమ్మలక్కలు ఆ ఇంట్లో జిన్ను భూతం ఉందని కూడా మొదలెట్టారు. ఆ మరని కడుపు నిండా తిట్టాల్సింది పోయి జిన్ను మీదికి తోస్తున్నారు, ఏం బుర్రలో! ఆ మాట చెవిన పడ్డ రోజునే మాయాసా తోపుడుబండి పిలిపించింది. ఫ్రిజ్‌ని నిలువునా కట్టించింది. ఎండ మాడుతుండగా నేను ఒక పక్క పట్టుకుని నడిచాను, ఆవిడ నీళ్ళ బిందె చంకన పెట్టుకుని ముందు నడిచింది. బిందె ఎందుకని నేనడగలేదు.

షాపు నిండా జనం. నస్సోరో మమ్మల్ని చూసి మొహం చిట్లించాడు. తర్వాత జనాన్ని చూసి నవ్వు పులుముకున్నాడు.

"రండి, అందరూ చూడండి" అంటూ ఫ్రిజ్‌ని దింపించి ప్లగ్గు పెట్టాడు. తోలు చెప్పులతో నిలబడి పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు. "ఏదీ షాకు? ఎక్కడమ్మా షాకు? నన్నేం చెయ్యట్లేదే! నీ మీదే పగబట్టిందేమో!"

జనం నవ్వారు. మాయాసా నవ్వలేదు. బిందె వంచి వాడి కాళ్ళ ముందు నేలంతా తడిపేసింది.

"చెప్పులు విప్పి పట్టుకో."

"ఏంటీ?"

"మా ఇంట్లో మేం చెప్పులతో తిరగం. నువ్వూ మీ ఇంట్లో తిరగవు. చెప్పులు విప్పి, ఈ తడిలో నిలబడి పట్టుకో. ఏమీ కాకపోతే నీ కాళ్ళకి దండం పెట్టి పోతా."

వాడు పిడి వదిలేశాడు. రెండడుగులు వెనక్కి, పొడి నేల మీదికి జరిగాడు. "ఇది షాపమ్మా, మీ పెరడు కాదు! షెకువే బాబాయ్, నువ్వైనా చెప్పు. కొన్నరోజు నువ్వే కదా భేషుగ్గా ఉందన్నావు?"

"అన్నానురా. చెప్పులేసుకుని అన్నాను. ఇప్పుడు విప్పి చెబుతున్నాను, అది మనిషిని చంపుతుంది" అన్నాను.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. వాడికి ఒళ్ళు మండింది. ఛాతీ ఎగరేసి, షాపంతా వినపడేలా, "నేను మోసగాణ్ణా? ఇదే రకం ఫ్రిజ్, ఇదే లారీలో వచ్చింది, ఇవాళ పొద్దున్నే పన్నెండో వీధి మసీదుకి దానం ఇచ్చాను. నమాజుకొచ్చేవాళ్ళు చల్లటి నీళ్ళు తాగుతారని! సాయంత్రం అసర్ నమాజు వేళకి మొదటి గ్లాసు మా నాన్న చేత తాగిస్తున్నాం. దేవుడి ఇంటికి చెత్త సరుకు ఇస్తానా?" అన్నాడు.

మాయాసా మొహంలో రంగు పోయింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఎక్కడ పెట్టారు నాయనా దాన్ని?"

"ఎక్కడేంటి, వజూ చేసుకునే కుళాయిల పక్కన. కాళ్ళు కడుక్కుని అటే..."

అక్కడ ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. సరిగ్గా అప్పుడే అసర్ అజాన్ మొదలైంది.

ఆ మనిషి అలా పరిగెత్తగలడని నేను కలలో కూడా అనుకోలేదు. గల్లాపెట్టె తెరిచి ఉంది, షాపు తెరిచి ఉంది, వాడు మాత్రం సైకిళ్ళ మధ్యనుంచి తోసుకుంటూ పోతున్నాడు. వెనక నేను, నా వెనక బిందెతో మాయాసా, ఆవిడ వెనక షాపులో జనమంతా.

మసీదు మెట్ల దగ్గర వాడు అలవాటుగా చెప్పులు విప్పేశాడు. ఒక కాలు లోపలి నేల మీద పెట్టాడు. అక్కడంతా తడి. కుళాయిల దగ్గరనుంచి పదిమంది నడిచిన తడి పాదాల గుర్తులు ఫ్రిజ్ పక్కనుంచి లోపలికి ఉన్నాయి. వాళ్ళ నాన్న, ఎనభై ఏళ్ళ మనిషి, పంచె పైకి మడిచి, కాళ్ళనుంచి నీళ్ళు కారుతుండగా, ఖాళీ గ్లాసు పట్టుకుని ఫ్రిజ్ వైపు నడుస్తున్నాడు. కొడుకొస్తాడని చూసి చూసి, ఇక ఆగలేక తానే బయల్దేరినట్టుంది.

"నాన్నా, ముట్టుకోకు!" అని నస్సోరో అరిచాడు. "దాంట్లో కరెంటు వస్తోంది!"

ముసలాయన ఆగి వెనక్కి తిరిగాడు. పిడికీ ఆయన చేతికీ మధ్య జానెడు దూరం ఉంది. కొడుకుని చూశాడు, వెనక రొప్పుతూ నిలబడ్డ మమ్మల్ని చూశాడు.

"నీకెట్లా తెలుసురా?"

"నేను చెప్పాను పెద్దయ్యా" అంది మాయాసా మెట్ల కిందినుంచి. "చెప్పి మూడు వారాలైంది."

"అయినా నాకు ఇవాళ పంపావు" అన్నాడు ముసలాయన కొడుకుతో. అరవలేదు. తడి నేల మీద మెల్లగా నడిచి వచ్చి, గ్లాసు కొడుకు చేతిలో పెట్టాడు. "బాగానే ఉందని ఊరంతా చెప్పావుగా. చెప్పులు కూడా విప్పావు. పో, మొదటి గ్లాసు నువ్వే పట్టుకుని తాగు."

నస్సోరో ఒక కాలు లోపల, ఒక కాలు మెట్టు మీద పెట్టుకుని గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. కదల్లేదు. ఏం చెప్పాలో వాడి కాళ్ళే అందరికీ చెప్పేశాయి. చివరికి మాయాసాకే జాలేసింది.

"చాల్లే. షెకువే, పోయి స్విచ్ ఆపు" అంది.

బయటి గోడకున్న మెయిన్ స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ఫ్రిజ్ వెనక రేకు విప్పాను. అదే మర, అదే వైరు. నమాజయ్యాక జనమంతా వరసగా వచ్చి దాన్ని చూసి పోయారు.

ఆ వారంలో నస్సోరో అమ్మినవన్నీ ఇంటింటికీ తిరిగి వెనక్కి తెచ్చుకున్నాడు. వాళ్ళ నాన్న ఆ తోపుడుబండి పక్కనే నడిచాడు, ఒక్క ఇల్లూ తప్పిపోకుండా. వినియోగదారుల ఆఫీసు ఫైల్లో మాత్రం ఇప్పటికీ లోపమేమీ కనపడలేదనే ఉంది. కిమ్వేరి అయ్యగారి లేసులు చల్లగుండాలి!

మాయాసాకి వేరే రకం ఫ్రిజ్ ఇచ్చారు. షాపులో ప్లగ్గు పెట్టారు, దీపం వెలిగింది, రసీదు ముందు పెట్టారు. ఆవిడ కలం ముట్టుకోలేదు. చంకలోని బిందె దించి, నేల మీద నీళ్ళు పోసి, నస్సోరో వంక చూసింది. వాడు చెప్పులు విప్పి, ఆ తడిలో నిలబడి, కళ్ళు మూసుకుని పిడి పట్టుకున్నాడు. ఏమీ కాలేదు. అప్పుడు ఆవిడ సంతకం పెట్టింది.