ఉబిన్ దీవిలో కెల్ప్ నారు, నేను పీకిన ప్లగ్గు

చుట్టుపక్కల పిల్లలంతా కంప్యూటర్ ఉద్యోగాల్లో చేరుతుంటే, మా అమ్మాయి సుశీల ఆ ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి ఉబిన్ దీవిలో సముద్రపు నాచు పెంచుతోంది. కెల్ప్ అంటారట. చల్లటి సముద్రాల్లో తాటిచెట్టంత ఎదుగుతుందట. మన గోరువెచ్చని నీళ్లలో బతుకుతుందా అని పరీక్ష. ఇంతకుముందు వేసిన నార్లన్నీ పోయాయి, ఈ చివరిదీ పోతే సోమవారం ఆఫీసుకి తిరిగి వెళ్లాలి. వేళకి తింటోందో లేదో అన్న బెంగతో శనివారం నేనే బయలుదేరాను.

మేముండే యీషున్‌లో ఆరున్నరకి బస్సెక్కి, మధ్యలో ఒకటి మారి, ఎనిమిదికి చాంగీ రేవు చేరాను. పడవకి మనిషికి నాలుగు డాలర్లు. పన్నెండు మంది నిండితే గానీ కదలదు. మలయ్ పడవాయన నా క్యారియర్ చూసి నవ్వాడు.

"మక్చిక్, అక్కడ కూడా మకాన్ దొరుకుతుంది." మక్చిక్ అంటే వాళ్ల భాషలో పిన్ని, మకాన్ అంటే తిండి.

"పప్పుచారు దొరుకుతుందా? పడవ ఊగుతుందా?"

"పడవ కదా, ఊగుతుంది."

దీవిలో సుశీల షెడ్డులో గాజు తొట్టి, అందులో తాళ్లు, తాళ్లకి గోధుమరంగు నూగు. అదే నారట. "నీళ్లు చల్లగా ఉండాలమ్మా" అని చెప్పి సుశీల తెప్ప మీద పనికి వెళ్లింది. పదకొండుకి ఉరిమింది. ఉరిమితే ఇంట్లో టీవీ, ఫ్రిజ్ అన్నిటి ప్లగ్గులూ పీకేయడం నాకు ఎప్పటినుంచో అలవాటు. నీళ్ల మీదున్న పిల్లని తలుచుకుంటూ, తొట్టి పక్కన గుర్రుమంటున్న పెట్టెదీ పీకేశాను. పిడుగు పడితే నారు కాలిపోతుందని నా భయం.

వాన వెలిసి సుశీల వచ్చేసరికి పన్నెండున్నర.

"చిల్లర్ ఎందుకు ఆగింది?" తొట్టి నీళ్లు చల్లబరిచేది ఆ పెట్టేనట.

"నేనే ఆపాను. ఉరిమింది కదే."

తను ప్లగ్గు పెట్టి, తొట్టిలో చూసి, "ఏడు డిగ్రీలు ఎక్కింది" అంది.

"చచ్చిపోయాయా?"

"రెండు రోజులాగితే గానీ తెలీదు. ముందు నువ్వు తిను."

నేను రెండు ముద్దలు తిని కంచం పక్కన పెట్టేశాను. తను మాత్రం రెండుసార్లు చారు పోసుకుంది.

సోమవారం పొద్దున ఫోన్ చేసింది. "సగం తెల్లబడ్డాయి. సగం బాగున్నాయి. వాటినే సముద్రంలో కట్టాను. ఆఫీసుకి రానని చెప్పేశాను."

"నా వల్లే కదే సగం పోయాయి."

"ఆ వేడికే తట్టుకోలేనివి ఈ గోరువెచ్చని సముద్రంలో ఎలాగూ పోయేవేమో."

"ఏమో అంటే?"

"నాకూ తెలీదమ్మా."

నన్ను ఓదార్చిందో, నిజమే చెప్పిందో ఇప్పటికీ అంతుబట్టలేదు. చెడగొట్టానా, తెలియక మేలు చేశానా? ఉద్యోగం పోయిందని ఏడవాలా, నారు నిలిచిందని దేవుడికి కొబ్బరికాయ కొట్టాలా? గుడిలో ఎవరైనా అమ్మాయి సంగతి అడిగితే పడవ రేటు చెప్పి మాట మార్చేస్తున్నాను. మీరు వెళ్తే శనివారం పెందరాళే వెళ్లండి, పడవ త్వరగా నిండుతుంది. అక్కడ మోగుతున్న ఏ పెట్టె జోలికైనా పోయేముందు ఒక్క మాట అడగండి.