సవతమ్మకు హైదరాబాదు చూపించిన ఆదెమ్మ

ఆళ్లగడ్డ ఓబులేసుకు ఆదెమ్మ రెండో పెళ్ళాం. మొదటి పెళ్ళాం లింగమ్మ విషజ్వరంతో పోయిన కొన్నాళ్ళకు ఆ ఇంటికి వచ్చింది. వచ్చిన రోజే అత్తగారు ఒక నల్లతాడు తెచ్చి ఆమె మెడలో, తాళి పక్కన కట్టింది. తాడుకు చింతగింజంత వెండి బిళ్ళ. అది లింగమ్మ. పోయిన సవతిని రెండో భార్య అట్లా మెడలో మోసే ఆచారం ఆ ఇళ్ళలో ఉండేది. సవతమ్మ బిళ్ళ అనేవాళ్ళు. కొత్త చీరైనా, మూరెడు మల్లెపూలైనా ముందు ఆ బిళ్ళకు తాకించాలి. తినేదాంట్లో మొదటి ముద్ద ఆమె పేరున పక్కన పెట్టాలి. ఆ తరువాతే ఆదెమ్మ.

ఇదంతా ఆదెమ్మ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది మొగుడి చూపు. ఓబులేసు ఆమెతో మాట్లాడేటప్పుడు ముఖంలోకి చూసేవాడు కాదు. ఆమె భుజం మీదుగా, వెనకాల ఎవరో నిలబడి ఉన్నట్టు చూసేవాడు. ఆదెమ్మ ఎన్నోసార్లు గిరుక్కున తిరిగి చూసింది. గోడ తప్ప ఏమీ ఉండేది కాదు. కానీ ఆమె తిరిగేలోపల ఎవరో పక్కకు తప్పుకున్నట్టు చెంపకు సన్నగా గాలి తగిలేది.

పలకరించే మనిషి లేని ఇంట్లో ఆమె చివరికి ఆ బిళ్ళతోనే మాట్లాడటం నేర్చుకుంది. ‘అక్కా, ఉప్పు యాడ పెట్టినావు’ అంటే చెయ్యి తిన్నగా ఉప్పు దగ్గరికే పోయేది. నమ్మనివాళ్ళు నమ్మకపోవచ్చు. ఆమె వండిన కూరలో మాత్రం ఉప్పు ఎన్నడూ తప్పలేదు.

కోయిలకుంట్లలో ఆదెమ్మ పిన్నమ్మ మణెమ్మ ఉండేది. ఇట్లాంటి వాటిలో ఆరితేరిన మనిషి. ఆదెమ్మ గోడు విని, లింగమ్మ సంగతులు అక్కడా ఇక్కడా అడిగి అన్నీ కనుక్కుంది. నంద్యాల నుంచి గాజుల మలారం మోసుకొచ్చే ముసలాయన ఒకడు చార్మినారు పక్కన బజారు బజారంతా గాజులేనని లింగమ్మకు చెప్పేవాడట. చూపించమని ఆమె మొగుణ్ణి అడుగుతూనే ఉండేదట. జ్వరంలో కూడా అదే కలవరింతట.

“ఆయమ్మ చూడాల్లనుకున్యేది చూపించు,” అంది మణెమ్మ. “మనసు నిండినాక ఆడనే బిళ్ళ ఇప్పేసి, నువ్వు ఈడనే ఉండక్కా అని చెప్పి, ఎనక్కి తిరక్కుండా వచ్చేయ్. నీ మొగుడు నీకు మిగుల్తాడు.”

హైదరాబాదు అందరికీ రాజధాని అయిన మరుసటి ఏడాది అది. పత్తి అమ్మిన దుడ్లు చేతిలో ఉన్నాయి. అందరూ తిరుపతి పోతుంటే ఆదెమ్మ హైదరాబాదు అడిగింది. ఓబులేసు చాలాసేపు నేల చూసి, సరేనన్నాడు.

నంద్యాలలో రైలెక్కి, డోనులో మారి, కాచిగూడలో దిగారు. పొదుపు కోసం జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మూటగట్టుకున్నారు. పండుకోవడానికి స్టేషను దగ్గరి సత్రం. ఆ సత్రాన్ని ఊడ్చి కాపలా కాసే జయలక్ష్మమ్మ పెద్ద వాగుడుకాయ. వీళ్ళు సాయంత్రం మూట విప్పి తింటుంటే ఆమె వచ్చి చూసింది. అలవాటు ప్రకారం ఆదెమ్మ రొట్టెముక్క ఒకటి తుంచి విడిగా ఆకులో పెట్టి ఉంది. పుస్తకంలో రాయించింది ఇద్దరి పేర్లేనే, ఆ మూడో ఆకు ఎవరిది, ఆ మనిషి ఎక్కడికి పోయిందని జయలక్ష్మమ్మ నిలదీసింది.

ఆదెమ్మ నోరు తెరిచేలోపలే ఓబులేసు తలుపు వైపు చూస్తూ, “వస్తాది,” అన్నాడు.

ఆదెమ్మ కూడా తలుపు వైపు తిరిగి చూసింది. తెల్లారి చూస్తే ఆకులో ముక్క లేదు. ఎలుక తిన్నదేమోనని ఆమె గొణిగితే, తన సత్రంలో ఎలుకలుండవని జయలక్ష్మమ్మ పోట్లాటకు వచ్చింది.

మొదటి రోజు ఊరంతా తిరిగారు. రెండంతస్తుల బస్సులో పైకెక్కి ముందు సీట్లో కూర్చున్నారు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా మేడలు మీద పడతాయేమోనని ఆదెమ్మ కళ్ళు మూసుకునేది. మళ్ళీ గుర్తొచ్చి, బిళ్ళను రవికె బయటికి తీసి కిటికీ వైపు పట్టుకునేది. హుసేన్‌సాగర్ నీళ్ళు చూపించింది. తోటలో బోనులోని పులిని చూపించింది. ఇరానీ హోటల్లో ఒక చాయ్ తీసుకుని సాసరులో ఆయన, కప్పులో ఆమె తాగారు. తాగేముందు ఆదెమ్మ రెండు చుక్కలు కింద వదిలితే, బల్ల తుడిచేవాడు ఉర్దూలో ఏదో విసుక్కున్నాడు.

మరునాడు నవాబుల దేవిడీలోని మ్యూజియంకు పోయారు. అక్కడ ఒక గదిలో నిలువెత్తు కట్టెబొమ్మ ఉంది. గడ్డమున్న మగవాడు, గర్వంగా నిలబడ్డాడు. బొమ్మ వెనక పెద్ద అద్దం. ఆ అద్దంలో మాత్రం మగవాడి వీపు లేదు. తల వంచుకున్న ఒక ఆడమనిషి ఉంది. ఒకే దుంగకు ముందు మగవాణ్ణి, వెనక ఆడదాన్ని చెక్కారని అక్కడి బంట్రోతు వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. ఓబులేసుకు అదేమీ వినబడలేదు. నుదుటి మీద చెమట పట్టింది. ఆదెమ్మ కూడా అద్దంలోకి చూసింది. ఇటు మొగుడున్నాడు, అటు తానుంది. నడుమ, తల ఎత్తని ఆ మూడో మనిషి.

“పోదాం పా,” అన్నాడు ఓబులేసు. “ఈడ ఊపిరాడకుంటాది.”

అక్కడి నుంచి నడిచే చార్మినారు చేరారు. ఆ పక్క సందులోకి తిరగగానే ఆదెమ్మ ఆగిపోయింది. గాజులాయన అబద్ధం చెప్పలేదు. రెండు వైపులా ఎర్రవి, పచ్చవి, అద్దాలు పొదిగినవి, ఎండంతా అక్కడే విరిగి పడినట్టు మెరుస్తున్నాయి. ఆదెమ్మ బిళ్ళను పిడికిట్లో పట్టుకుంది. అది వెచ్చగా ఉంది.

అడగకపోతే ఏదీ కొనని ఓబులేసు తానే ఒక దుకాణం ముందు కూర్చుని పచ్చగాజులు తీయించాడు. ఆదెమ్మ గుండె ఉప్పొంగింది. చెయ్యి చాపింది. దుకాణంవాడు ఆ చెయ్యి చూసి చిన్న గాజులు తీయబోతే, ఓబులేసు వద్దని తల ఊపి, తన బొటనవేలు, చూపుడువేలు కలిపి గాలిలో ఒక కొలత చూపించాడు. వచ్చిన గాజులు ఆదెమ్మ చేతికి ఎక్కి, అట్లాగే జారి ఒళ్ళో పడ్డాయి. దుకాణంవాడు నవ్వాడు. ఓబులేసు ఆ గాజుల వైపు చూసి, అప్పుడు తానేం చేశాడో తెలిసి, తల దించుకున్నాడు. ఆదెమ్మ వాటిని కొంగున కట్టుకుని చార్మినారు మెట్ల వైపు నడిచింది. ఇక ఆగదలచుకోలేదు.

మెట్లు ఇరుకు, చీకటి. పైకి పోయాక ఒక్కసారిగా వెలుతురు, గాలి. కింద గాజుల సందు సన్నటి రంగుపూసల పేటలా కనబడింది. ఓబులేసు అటు తిరిగి ఉండగా ఆదెమ్మ మెడ వెనక ముడి విప్పసాగింది. ఎన్నాళ్ళుగానో చెమటకు బిగుసుకున్న ముడి, రాలేదు. ముడిని ముందుకు తిప్పుకుని పళ్ళతో అందుకునేలోపల ఓబులేసు చూశాడు.

చెంప పగులుతుందనుకుంది ఆదెమ్మ. అయినా ఉన్నదే చెప్పింది.

“అక్కను ఈడ దిగబెట్టి పోదామని వచ్చినా. ఆయమ్మ మన నడుమ ఉంటే నేను నీ ఇంట్లో ఉన్నట్టు గాదు.”

ఓబులేసు కోప్పడలేదు. “నేనూ అందుకే ఒప్పుకున్యా,” అన్నాడు.

ఆయనే ముడి విప్పాడు. బిళ్ళను అరచేతిలో పెట్టుకుని గోడ దగ్గరికి పోయాడు. లింగమ్మ పోయినప్పటి నుంచి ఆమె పేరు ఆయన నోట వినబడలేదని ఊరంతా చెప్పుకునేది.

“లింగీ,” అన్నాడు. “సూడు. నువ్వడిగిన బజారు అదే. పంట రానీ, పంట రానీ అంటి. ఎన్నో పంటలొచ్చె. నిన్ను పిల్చుకరాకపోతి.” బిళ్ళను గాజుల సందు వైపు తిప్పి పట్టుకున్నాడు. “ఇంక ఈడనే ఉండు. రోజూ సూసుకో.”

సున్నపు గోడలో పగులు ఒకటి ఉంటే బిళ్ళను అందులోకి బొటనవేలితో నొక్కాడు. ఆదెమ్మ కొంగు విప్పి, ఇవి నీ కొలతే అక్కా అని, గాజులు గోడ మీద పెట్టింది.

వెనక్కి చూడకుండా మెట్లు దిగారు. చీకటి మలుపుల్లో వాళ్ళ వెనకే, పైన ఎక్కడో, గాజులు గలగలమంటూ దిగి వస్తున్నట్టు వినబడింది. ఓబులేసు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. చివరి మలుపు దగ్గర ఆ చప్పుడు ఆగింది. ఎండలోకి వచ్చేదాకా ఇద్దరూ ఊపిరి తీసుకోలేదు.

తిరుగు ప్రయాణంలో ఓబులేసు వేరే మనిషి. ఆదెమ్మ ముఖంలోకి చూసి మాట్లాడాడు. ఆమె ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉందని అప్పుడే కనిపెట్టాడు. నంద్యాల బస్టాండులో తెలిసినవాళ్ళు ఎదురైతే రెండంతస్తుల బస్సు గురించి చేతులు తిప్పుతూ చెప్పి నవ్వించాడు. ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి, “ఆదెమ్మా, ఈడ కూచ్చో,” అన్నాడు. ఆమె కోరుకున్నది అదే.

బస్సు కదిలింది. నల్లరేగడి చేల మీద పొద్దు వాలుతోంది. అది చూపిద్దామని ఆదెమ్మ చెయ్యి మెడ దగ్గరికి పోయింది. అక్కడ తాడు ఒరిసిన గీత మాత్రం ఉంది. చాలాసేపు ఆ గీత మీదే వేలు పెట్టుకుని, తరువాత మొగుడి వైపు తిరిగింది.

“ఆ ఊర్లో అందురూ ఉర్దూ మాట్లాడ్తారు. ఆయమ్మకు రాదు గదా?”

“ఎవురికి?” అన్నాడు ఓబులేసు.

ఆయన నిజంగానే అడిగాడు. ఆ ముఖంలో దాపరికమేమీ లేదు. ఆదెమ్మ ఏమీ లేదని కిటికీ వైపు తిరిగింది. ఆళ్లగడ్డ వచ్చేదాకా ఆమె కళ్ళకు చేలు కనబడలేదు. దీపాలు పెట్టేవేళ, అంతమంది జనంలో, పచ్చగాజులు తొడుక్కున్న ఒక ఆడమనిషి చార్మినారు కమాను కింద నిలబడి, పోయేవాళ్ళనందరినీ ఆపి, ఆళ్లగడ్డ బస్సు యాడ ఆగుతాదని అడుగుతోంది. ఒక్కరికీ అర్థం కావడం లేదు.