జుల్ఫో నిలబెట్టిన ఎడమ స్తంభం

రాళ్ళు చెక్కే జుల్ఫో ఉత్త మొండిఘటం. యుద్ధంలో ఊరి మసీదును పేల్చేసి, రాళ్ళన్నీ నదిలో పారబోస్తే, బోస్నియాలో ఓ మూలనున్న ఆ ఊరంతా ఏడ్చి ఊరుకుంది. ఇతను మాత్రం నడుంలోతు నీళ్ళలో దిగి, ఒక్కో రాయినీ బయటికి లాగి, ఎర్రరంగుతో అంకె వేసుకున్నాడు. చివరికి ఆ రాళ్ళతోనే, నాలుగు వందల ఏళ్ళనాటి కొలతలతోనే గోడలు లేచాయి. గుమ్మటం కూర్చుంది. శుక్రవారం ప్రారంభం.

బుధవారం పొద్దున్నే పక్కింటి ముసలమ్మ దెవ్లెతా కర్ర టకటకలాడిస్తూ వచ్చింది.

"ఏరా, స్తంభాలు తిప్పి చూశావా?"

ప్రార్థన దిశను చూపే మెహరాబు గూటికి అటొకటి ఇటొకటి సన్నని స్తంభాలుంటాయి. చేత్తో తోస్తే ఉన్నచోటే తిరగాలి. బిగుసుకుంటే గోడ కుంగి, బరువు వాటిమీద పడినట్టు. భూమి కంపించిన ప్రతిసారీ ఊరు ముందు వాటినే తిప్పి చూసేది.

కుడిది గిర్రున తిరిగింది. ఎడమది కదల్లేదు.

తనిఖీకి వచ్చిన ఇంజనీరు పెదవి విరిచాడు. "శుక్రవారం సంగతి మర్చిపో మేస్త్రీ. గుమ్మటం దించాల్సిందే."

"నా గోడ కుంగదు!" అని జుల్ఫో అరిచాడు. దారానికి గుండు కట్టి గోడ పొడవునా వేలాడదీశాడు. వెంట్రుకవాసి వంకర లేదు. మరేమిటి?

"కుడి స్తంభం ఎవరు పెట్టారు?" అంది దెవ్లెతా.

"మా మేనల్లుడు."

"ఎడమది?"

"నేనే. మళ్ళీ ఏ వెధవా కూలదోయకుండా, అన్ని రాళ్ళకూ పోసినట్టే ఇనుప చీల చుట్టూ సీసం కరిగించి..." జుల్ఫో వంగి స్తంభం అడుగు చూశాడు.

"తిరగాల్సినదానికి కూడా సీసం పోశావట్రా మొద్దూ! పెద్ద మేస్త్రీ అట, పెద్ద మేస్త్రీ!"

"నా బుద్ధి గడ్డి తింది అత్తా," అన్నాడు జుల్ఫో. సిగ్గుపడుతూనే ఇంజనీరుకూ అదే చెప్పాడు. "శుక్రవారం దాకా ఆగండి. అప్పటికీ తిరక్కపోతే గుమ్మటం నేనే దించుతా."

స్తంభాన్ని ఊడదీసే పనిలో పడ్డాడు. రాయికి నెర్రె పడకుండా ఉలితో కొంచెం కొంచెంగా సీసం తొలిచి, స్తంభాన్ని మళ్ళీ నిలబెట్టాడు. రెండు రోజులు తిండి మీద ధ్యాసే లేదు.

శుక్రవారం ఊరంతా లోపల నిలబడి ఉండగా, "నువ్వే తిప్పత్తా," అన్నాడు.

దెవ్లెతా ఒక్క వేలితో తోసింది. స్తంభం మెత్తగా తిరిగింది.

"నిలబడింది! నా గోడ నిలబడిందిరోయ్!" జుల్ఫో బావురుమన్నాడు. ఇంజనీరే ముందుగా వచ్చి అతన్ని కావలించుకున్నాడు.

ప్రార్థనకు పిలుపు కూడా అయిపోయింది. దెవ్లెతా ఇంకా తిప్పుతూనే ఉంది. ప్రార్థన మొదలుపెట్టకుండా ఇమాం ఆమెకోసం ఆగాడు.