శకునానికి ఒక చెంచా పెరుగు

ఒక్క చెంచా పెరుగు మనిషి పరువును ఎంత కిందకి దించగలదో తెలియాలంటే నన్నడగండి. పెరుగు బాగానే ఉంది. నా బుద్ధే పులిసిపోయింది.

అప్పటికి రెండేళ్లుగా నాకు మింగిన అన్నం ఛాతీలో ఆగిపోయేది. గ్యాస్ అని నాకు నేనే తేల్చేసుకుని, ముద్దకో గ్లాసు నీళ్లు తాగుతూ నెట్టుకొచ్చాను. చివరికి ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక ఫంక్షన్లో మటన్ ముక్క ఇరుక్కుంది. ఉమ్మి కూడా దిగలేదు. అందరి ముందూ కక్కితే గానీ ప్రాణం కుదుటపడలేదు.

"నీళ్లు కూడా ఆగుతాయా?" అని అడిగారు ఆసుపత్రిలో డాక్టరమ్మ.

"లేదండీ, గట్టివే."

"తుమ్ములు, ఆయాసం?"

"చిన్నప్పటి నుంచీ ఉన్నాయి."

"ఎండోస్కోపీలో అన్నవాహిక నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపుదాం. రేపు పొద్దున ఏమీ తినకుండా రండి."

ముక్కలు అనగానే నా లెక్కలో క్యాన్సర్ ఖాయమైపోయింది. బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చాను, మీ దగ్గర దాపరికం ఏముంది. మా పాప ఇంకా ఎల్‌కేజీ.

మర్నాడు కాప్రాలో మా ఇంటి గడప దాటుతుంటే అమ్మ గిన్నెతో ఎదురొచ్చింది.

"పెద్ద పనికి పోతున్నవు బిడ్డా, ఉత్త నోటితోని పోతవా? జెర పెరుగు చక్కెర నోట్ల ఏస్కో."

"ఏం తినొద్దన్నరమ్మా."

"గిది తినుడా? శకునం."

చావు భయంలో ఉన్నవాడికి శకునం కూడా మందే. మింగేశాను.

"ఏమైనా తిన్నారా సార్?" అంది ఆసుపత్రిలో నర్సు.

"లేదు. శకునం మాత్రమే."

"అంటే?"

"పెరుగు."

ఆమె పెన్ను కింద పెట్టేసింది. మత్తులో ఉండగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదమట. టెస్టు సోమవారానికి వాయిదా పడింది. ఆ నాలుగు రోజులూ నేను పాపను ఎత్తుకుని కూర్చున్నాను. "నా చేతులతోని ఆపితిని" అని అమ్మ ఒకటే ఏడుపు.

సోమవారం అమ్మ కంటపడకుండా ఇంటి వెనక తలుపు నుంచి దొంగలా వెళ్లి టెస్టు చేయించుకున్నాను. వారానికి రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు, అన్నవాహికలో అలర్జీతో వచ్చిన వాపు.

"మందు రాస్తాను. ముందు పాలు, పెరుగు మానేయండి. చాలామందికి వాటితోనే ఈ వాపు రేగుతుంది. మూడు నెలలకు మళ్లీ టెస్టు చేసి చూద్దాం," అన్నారు డాక్టరమ్మ.

పక్కన కూర్చున్న అమ్మ మెల్లగా అడిగింది.

"మరి మల్ల టెస్టుకు వచ్చేటప్పుడు శకునానికి ఏం పెట్టాలె డాక్టరమ్మా?"

అందుకే మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై ఏ టెస్టుకైనా ఖాళీ కడుపుతో, నిండు అపశకునంతో బయల్దేరతాను.